బావ కనిపెట్టిన బ్రేకు

మొన్న మనవరాలు ఫోను చేసి, తాను కాలేజీలో తయారుచేసిన ఏదో యంత్రానికి పేటెంటు దరఖాస్తు వేస్తున్నానని, అది దాఖలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని గుసగుసగా చెప్పేసరికి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా అక్కని చేసుకున్న బావ గుర్తొచ్చాడు. ఎవరికీ చెప్పకుండా ఉండటం చేతకాక, కోరుకున్నది చేజార్చుకున్న మనిషి ఆయన.

డెబ్బైల చివర, నేను ద్వారకా నగర్‌లో టైపు నేర్చుకుంటున్న రోజుల్లో, చేపల రేవు దగ్గర బావకి చిన్న లేతు షాపు ఉండేది. మరబోటులో వల లాగే వించ్‌లో చెయ్యి ఇరుక్కుని ఆయన తమ్ముడికి రెండు వేళ్ళు పోయాయి. అప్పటినుంచీ బావకి అదే ధ్యాస. అన్నం కలుపుతూ ఆగిపోయి పళ్ళెంలో ఏవో గీతలు గీసేవాడు, అక్క విసుక్కునేది. ఏడాదిపాటు తంటాలు పడి, కాలితో తొక్కితే వించ్ ఠక్కున ఆగిపోయే బ్రేకు చేశాడు. దానికి పేటెంటు రావాలి, సర్కారు కాగితం మీద తన పేరుండాలి, అదొక్కటే ఆయన కోరిక. దరఖాస్తు పంపేదాకా ఎవరి కంటా పడనివ్వొద్దని వకీలుగారు ఒకటికి పదిసార్లు చెప్పారు. ఆ దరఖాస్తు టైపు చేసింది నేనే, తప్పుల మీద తప్పులు కొట్టి, మూడుసార్లు.

ఈలోగా సముద్రం మీద ఒక్కసారి పరీక్షించి చూడందే పంపడానికి బావకి మనసొప్పలేదు. తెలిసినవాళ్ళ బోటుకి గుట్టుగా బిగించాడు. కానీ మా రేవులో కొత్త సామాను ఏది బిగించినా పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నలుగురికీ చూపించాకే వేటకి కదిలేవారు. దాచి తీసుకెళ్ళడం మంచిది కాదనేవారు. బోటు యజమాని మాట బావ కాదనలేకపోయాడు. రేవంతా మూగింది. ఎవరో "ఏటి బావా ఇది, ఎలాగ ఆగుతాది?" అని అడగడమే తరువాయి, వకీలుగారి మాట గాలికొదిలేసి, విప్పి మరీ చూపించాడు మహానుభావుడు. సంగతి విని వకీలుగారు తల పట్టుకున్నారు. పదిమందీ చూసేసినదాన్ని కొత్తదని చట్టం ఒప్పుకోదట.

ఆరు నెలలు తిరక్కుండా నాలుగు షాపుల్లో అదే బ్రేకు. బావ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు పోట్లాడదామనే ఒక షాపుకి వెళ్ళాడు. తీరా చూస్తే, తడిసిన డెక్కు మీద కాలు జారుతోందని అక్కడి మేస్త్రీ పెడల్ తీసేసి, మోకాలితో నెట్టే మీట పెట్టాడు. బావ ఇంటికొచ్చి, "నాకు తట్టనేదే, ఆడికి తట్టింది" అని, తన బ్రేకునూ విప్పి అలాగే మార్చుకున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

అప్పుడే పేటెంటు వచ్చుంటే ఆ మేస్త్రీ దానిమీద చెయ్యి వేసేవాడా? అలాగని, ఏడాది కష్టానికి పేరైనా మిగలదంటే ఇంకొకడు లేతు ముందు నిలబడతాడా? ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు చట్టమూ గట్టిపడింది, పిల్లలకి నోరు కట్టుకోవడమూ తెలుసు. మా పిల్ల పేరు కాగితానికెక్కితే చూసి మురిసిపోతాను. పేరొచ్చాక మాత్రం అందరికీ విప్పి చూపించమని చెప్పాను, సరేనంది.

నేను కొట్టిన మూడో ప్రతి ఇంకా నా పెట్టెలోనే ఉంది, కనిపెట్టినవారు అన్నచోట బావ పేరుతో. ఆ పేరు రేవులో ఇప్పుడు ఎవరికీ తెలియదు. కిందటి వారం చేపలకని వెళ్ళి, వలలు సర్దుతున్నవాళ్ళ చేతులకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అందరికీ పది వేళ్ళూ ఉన్నాయి.