బాతులు ముట్టిన పిండం

మేముండే ఊరి పేరులోనే పార్కుంది. ఎడ్మండ్‌సన్ పార్క్. సిడ్నీకి నైరుతి మూల కొత్తగా లేచిన కాలనీ. పార్కు లేదా అంటే ఉంది. వాన నీళ్ళు పట్టడానికి తవ్విన గుంట, దాని చుట్టూ నాటిన రెల్లు, రెండు బెంచీలు, పిల్లలకో ప్లాస్టిక్ జారుడుబల్ల. సాయంత్రమైతే అంతా మనవాళ్ళే, చెవులకి మఫ్లర్లు చుట్టుకుని ఇంటి లోన్ల గురించి మాట్లాడుకుంటూ తిరుగుతుంటారు. మా అన్నయ్య ఒకసారి మెల్‌బోర్న్ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. నడుం మీద చేతులు పెట్టుకుని ఒక చూపు చూసి, "దీన్ని పార్కంటారా? ఏడ్చినట్టుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ క్లైడ్ నార్త్‌లో ఏం బృందావనం ఉందేంటి?" అన్నాను.

అసలు సంగతేంటంటే మా ఇద్దరికీ ఏ పార్కూ కంటికి ఆనదు. చిన్నప్పుడు మేమొక పార్కు చూశాం.

ఇంగ్లండులో ఉత్తరాన, మిల్లు గొట్టాలూ సన్న వానా తప్ప ఇంకేమీ లేని ఊరది. నాన్న అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. ఇళ్ళన్నీ ఒకే ఇటుకతో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మా వీధి చివర ఇనుప గేటు, గేటు దాటితే ఆ పార్కు. బ్యాండు వాయించేవాళ్ళ కోసం కట్టిన ఎనిమిది పలకల మండపం, పావురాల రెట్టలతో తెల్లబడ్డ మిల్లు యజమాని విగ్రహం, గులాబీ మళ్ళు, ముసలాళ్ళు బంతులు దొర్లించి ఆడుకునే పచ్చిక. ఆ పచ్చిక మీద కాలు పెడితే టోపీ పెట్టుకున్న కాపలాదారు విజిలేసేవాడు. మేం వాణ్ణి విజిల్ మామ అనేవాళ్ళం. వీటన్నిటి మధ్యలో చెరువు, చెరువు మధ్యలో చిన్న లంక, బోలెడు బాతులు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. నాన్న పాత ఓవర్‌కోటు చీర మీద తొడుక్కుని, ఎండిపోయిన బ్రెడ్డు ముక్కలు కవర్లో వేసుకుని రోజూ ఆ చెరువు గట్టుకి వచ్చేది. "రండమ్మా, రండి, తోసుకోకండి" అని బాతుల్ని పిలిచేది. ఆ ఊరు మొత్తం మీద అమ్మతో తెలుగు మాట్లాడేవాళ్ళం మేం ముగ్గురం, ఆ బాతులూ. వాటికి తెలుగొచ్చేసిందని అన్నయ్య బళ్ళో చెప్పుకుని తన్నులు తిన్నాడు. అమ్మ నవ్వుతూ ఒక మాట తరచూ అంటుండేది. "ఈ ఊళ్ళో నేను పోతే నా పిండం ముట్టడానికి కాకైనా రాదు, ఈ బాతులే దిక్కు." నాన్న "శుభమా అని ఏంటా మాటలు" అని కసురుకునేవాడు.

నోటి మాట ఊరికే పోదంటారు. నాకు ఏడేళ్ళు, అన్నయ్యకి పదేళ్ళు. ఆ చలికాలంలో అమ్మకి జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకి పాకింది, పోయింది. డాక్టరు ఇంట్లో, డాక్టరు కళ్ళ ముందే. ఇంతకంటే ఆ సంగతి రాయడం నా వల్ల కాదు.

అస్థికలు ఇండియా తీసుకెళ్ళడానికి నాన్నకి సెలవు దొరకలేదు. ఆ ఊళ్ళో నది ఒకటుండేది గానీ, అద్దకం మిల్లుల పుణ్యమాని అది రోజుకో రంగులో కంపు కొట్టేది. అందులో అమ్మని కలపడానికి నాన్నకి మనసొప్పలేదు. ఒక పొద్దున్నే, ఇంకా మంచు తెరలు తెరలుగా ఉండగా, మా ఇద్దర్నీ తీసుకుని పార్కుకి వెళ్ళాడు. "ఏ నీళ్ళయినా చివరికి సముద్రంలోనే కదరా కలిసేది" అన్నాడు అన్నయ్యతో. గోదావరి ఒడ్డున పుట్టినవాడు. నీళ్ళంటే పారేవే అనుకున్నాడు పాపం.

గట్టు మీద మోకాళ్ళేసి అమ్మని నీళ్ళలో కలిపాడు. బాతులన్నీ బ్రెడ్డనుకుని ఒక్కసారిగా ఈదుకుంటూ వచ్చేశాయి. నేను భయపడి అన్నయ్య స్వెట్టరులో మొహం దాచుకున్నాను. తర్వాత నాన్న వచ్చీరాని మంత్రం చదివి, ఇంట్లో వండిన అన్నం ముద్దలు మూడు రాతి మీద పెట్టి దూరంగా వచ్చి నిలబడ్డాడు. విగ్రహం నెత్తి మీద ఒక కాకి ఉంది. రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. విజిల్ మామ అటుగా వచ్చి, మమ్మల్ని చూసి, విజిల్ జేబులో వేసుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

కాకి రాకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిందని లెక్క. ఎవరో ఒకరు పైకి మాటివ్వాలి. నాన్న విగ్రహం వైపే చూస్తున్నాడు. అప్పుడు అన్నయ్య రెండడుగులు ముందుకెళ్ళి, బళ్ళో పద్యం అప్పజెప్పేటట్టు చేతులు కట్టుకుని అన్నాడు. "అమ్మా, నిన్నిక్కడ ఒక్కదాన్నే ఉంచం. నేను మళ్ళీ నీ దగ్గరికే వచ్చేస్తా."

కాకి కదల్లేదు. బాతులు మాత్రం గట్టెక్కి, తోసుకుంటూ వచ్చి మూడు ముద్దలూ తినేశాయి. నాన్న అక్కడే కూలబడి వలవలా ఏడ్చాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. అమ్మ ఒప్పుకుందని వాడి నమ్మకం.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చెరువు గట్టుకి వెళ్ళేవాళ్ళం. ఒక్క ఆదివారం మాత్రం నాన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. మమ్మల్ని వెనక నిలబెట్టి లోపలికి తొంగి చూశాడు. "ఇవాళ పార్కు మూసేశార్రా" అని మా చేతులు పట్టుకుని గబగబా బజారుకి లాక్కెళ్ళి, ఎముకలు కొరికే చలిలో ఐస్‌క్రీం కొనిపెట్టాడు. గేటు బార్లా తెరిచే ఉందని నేను, లేదు మూసే ఉందని అన్నయ్య పెద్దయ్యాక కూడా పోట్లాడుకునేవాళ్ళం. నాన్న ఎవరి వైపూ తీర్పు చెప్పేవాడు కాదు. ఆ ఎండాకాలమే ఉద్యోగం వదిలేసి మమ్మల్ని రాజమండ్రి తీసుకొచ్చేశాడు. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ పార్కు మాటెత్తలేదు.

మేం పెరిగాం, చదివాం, ఒకరి వెనక ఒకరం ఆస్ట్రేలియా వచ్చిపడ్డాం. ఇంగ్లండు మాత్రం మళ్ళీ ఎవరం వెళ్ళలేదు. ఏటా అనుకోవడం, ఏటా ఏదో అడ్డం రావడం. ఇంటి వాయిదా, పిల్లల యూనివర్సిటీ ఫీజులు, మోకాలి ఆపరేషను. అన్నయ్య మాత్రం ఆ ఊరి పాత సంగతుల గ్రూపొకటి ఫోన్లో పట్టుకున్నాడు. ఆ ఊరి ముసలాళ్ళు అందులో పాత ఫొటోలు పెట్టుకుని, ఇక్కడ చేపల కొట్టుండేది, అక్కడ సినిమా హాలుండేదని ముచ్చట్లాడుకుంటారు. అన్నయ్య అవన్నీ నాకు ఫోన్ చేసి మరీ చదివి వినిపించేవాడు. పూర్వం పత్తి ఓడలు రాక మిల్లులు మూతపడితే, పనుల్లేక మలమల మాడుతున్న కూలీల చేత ఆ చెరువు తవ్వించారట. "ఆకలిగొన్నవాళ్ళు తవ్వారే ఆ చెరువు. అందుకే అక్కడి బాతులకంత ఆకలి" అనేవాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

పోయినేడు అన్నయ్యకి కేన్సరని తెలిసింది. అప్పటికే కాలేయం దాకా పాకిందన్నారు. నేను క్లైడ్ నార్త్ వెళ్ళి వాడి మంచం పక్కనే ఉన్నాను. వాడు డబ్బు గురించి గానీ ఇంటి గురించి గానీ ఒక్క మాటా అనలేదు. "అమ్మ దగ్గర కలిపెయ్యవే నన్ను. మాటిచ్చాను కదా" అన్నాడు. "నోర్ముయ్, నిక్షేపంలా లేచి తిరుగుతావు" అన్నాను. "లేవనులే. వాడికి తెలుగు అర్థమవుద్ది గానీ ఇదర్థం కాదు. నువ్వే తీసుకెళ్ళాలి" అన్నాడు కొడుకు వైపు చూపిస్తూ. తీసుకెళ్తానన్నాను. చెయ్యి చాపితే చేతిలో చెయ్యేసి చెప్పాను. దేవుడి సాక్షిగా వెళ్ళాలనే చెప్పాను.

అన్నయ్య దహనమయ్యాక, టికెట్లు చూసుకునే ముందు ఎందుకైనా మంచిదని ఆ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాను. చెరువు దగ్గర చిన్న ప్రార్థన చేసుకోవాలి, ఎవర్ని అడగాలి అని. జవాబులు టపటపా వచ్చాయి. పాపం, అందరూ మంచివాళ్ళే. చెరువు లేదమ్మా, కారి కారి నీళ్ళు నిలవక ఎప్పుడో పూడ్చేశారు, ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు అని ఒకావిడ ఫొటో పెట్టింది. నల్లటి తారు, తెల్ల గీతలు, ఒక మూల ఆ విగ్రహం కింది దిమ్మె. విగ్రహం లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక పెద్దాయన తన చిన్నతనం తల్చుకుంటూ మురిపెంగా ఇంత పొడుగు రాశాడు. చలికాలం వెళ్ళగానే చెరువడుగున తూము తెరిచి నీళ్ళన్నీ వదిలేసేవారట. తానూ స్నేహితులూ ఆ బురదలో దిగి పైసలేరుకునేవారట. ఆ బురదంతా లారీలకెత్తి గ్యాసు ఫ్యాక్టరీ వెనక చెత్తదిబ్బ మీద పోసేవారట. ఏటా అంతే, ఆ రోజులే వేరు, అని ముగించాడు.

అమ్మ పోయింది చలికాలంలో. ఐస్‌క్రీం ఆదివారం, చలికాలం వెళ్తుండగా.

గేటు తెరిచే ఉంది. నేనే కరెక్టు. నాన్న లోపలికి చూసింది ఖాళీ చెరువుని. అమ్మ ఏ సముద్రానికీ వెళ్ళలేదు, చెత్తదిబ్బకి వెళ్ళింది. అది తెలిసే నాన్న, అన్నయ్య "అమ్మ దగ్గరికి వెళ్తా, వెళ్తా" అని జీవితమంతా అంటుంటే విని ఊరుకున్నాడు. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. చచ్చిపోయిన మనిషిని ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. వాడికోసం ఒక్క నిజం చెప్పి ఉంటే ఏం పోయేది నాన్నా?

పదోరోజు కార్యం క్లైడ్ నార్త్‌లో, అన్నయ్య ఇంటి వెనక కాలువ గట్టున పెట్టుకున్నాం. పురోహితుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా బ్యాంకు ఆఫీసులో పనిచేస్తాడు, శని ఆదివారాలు ఇది. మేనల్లుడు ముద్దలు చేసి రాతి మీద పెట్టి వెనక్కొచ్చాడు. పక్కింటి కప్పు మీద కాకులు రెండున్నాయి. ఇక్కడి కాకులు పసిపిల్లలు ఏడ్చినట్టు అరుస్తాయి. అరిచాయి, చూశాయి, కూర్చున్నాయి. ఎండెక్కింది. వదిన కూతురి భుజం మీద తల వాల్చేసింది. "ఏదో కోరిక ఉండిపోయిందండీ" అన్నాడు పురోహితుడు. కోరికేంటో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. అందరూ నావైపే చూశారు.

"అత్తా, జస్ట్ టెల్ హిమ్. యూ ప్రామిస్డ్ హిమ్ ఎనీవే" అన్నాడు మేనల్లుడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి పిల్లాడికి.

నేను ముందుకెళ్ళాను. చెప్పేస్తే పోలా? తీసుకెళ్తా అన్నయ్యా అంటే, ఏ కాకో వచ్చి ముడుతుంది, వదిన గుండె కుదుటపడుతుంది. నాన్న చేసింది అదేగా. నోరు తెరిచాను. రాలేదు. ఆ మాట రాలేదు, వేరేది వచ్చేసింది.

"అన్నయ్యా, అక్కడ చెరువు లేదు. అమ్మ కూడా లేదు. మనం వచ్చేయక ముందు నుంచే లేదు. నిన్నెక్కడికి తీసుకెళ్ళను?"

 కాకులు రెండూ లేచి కాలువ దాటి ఎటో వెళ్ళిపోయాయి. ఆ కాలువలో బాతులు కూడా లేవు. చాలాసేపు చూసి పురోహితుడు దర్భలతో చిన్న కాకిని ముడేసి మేనల్లుడి చేతికిచ్చాడు. అలా చెయ్యొచ్చు, శాస్త్రం ఒప్పుకుంటుంది. పిల్లాడు ఆ గడ్డికాకి ముక్కుని ముద్దలకి ఒక్కొక్కదానికీ తాకించాడు. "ముట్టిందండీ, ఇంక భోజనాలకి లేవండి" అన్నాడు పురోహితుడు. అందరూ లేచారు.

ముద్దలు అక్కడ వదిలేస్తే ఎలకలొస్తాయని కౌన్సిలు వాళ్ళు జరిమానా వేస్తారట. నేనే ఏరి కవర్లో వేశాను, బ్రెడ్డు కవర్లో. ఇంటికి తెచ్చి చెత్తడబ్బా మూతెత్తి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, అందులో వేసేశాను.