అమ్మ ఎవరి ఇంటికి వచ్చినట్టు?

దయ్యాలను నేను నమ్మను. ఇప్పుడు కూడా నమ్మను. జనగామలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, ఇంటికొచ్చి గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకుంటే బాగుండదు కదా. పోయినవాళ్లు మళ్లీ పుడతారని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. అయినా ఈ సంగతి రాస్తున్నాను. జరిగింది నా ఇంట్లోనే, చూసింది నా కళ్లతోనే.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు మా వదినంటే కుళ్లు. అది దాచిపెట్టి చెబితే మిగతాదేదీ మీకు అర్థం కాదు.

మా వదిన పేరు సరిత. ఆమె తల్లిగారిది రేగొండ దగ్గర ఒక పల్లె. మాది నర్సింహులపేట మండలం. మా అన్నను చేసుకొని వచ్చిన ఏడాదికే మా అమ్మను తన అమ్మను చేసేసుకుంది. మనిషి మంచిది. నా బాధంతా అదే. చెడ్డదైతే నాలుగు మాటలని మనసు చల్లబరుచుకునేదాన్ని.

అమ్మ చివరి ఏడాది మంచాన పడింది. మహబూబాబాద్ దవాఖానకు, వరంగల్ దవాఖానకు అన్న తిప్పాడు. కడిగింది, తినిపించింది, పక్క మార్చింది అంతా వదినే. నేను ఆదివారాలు బస్సెక్కి పోయేదాన్ని. పండ్లు కొనుక్కొని పోయి మంచం పక్కన కూర్చుంటే అమ్మ నా చేయి పట్టుకునేది గానీ, కళ్లు మాత్రం తలుపు వైపే. "సరిత ఎటు పోయింది?" అనేది. ప్రతిసారీ అంతే. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు "కోడలు కాదు, కన్నబిడ్డనే" అని నా ముందరే మెచ్చుకునేవాళ్లు. మరి నేనేమిటి? నాకు ఒళ్లు మండేది.

అమ్మకు ఒక అలవాటుండేది. నీళ్ల చెంబు చేతిలోకి తీసుకుంటే, తను తాగేముందు గడప దాకా పోయి గుక్కెడు బయట పోసేది. ఎంత దాహంగా ఉన్నా సరే. ఆమెకు కొంరయ్య అని ఒక తమ్ముడుండేవాడు. నేను పుట్టకముందే పోయాడు. ఎండాకాలం కల్లంలో వడ్లు కొడుతుంటే ఎండదెబ్బ తగిలింది. ఆ రోజు సద్ది, నీళ్లు తీసుకుపోవాల్సింది అమ్మే. దారిలో ఎవరో కలిస్తే మాటల్లో పడి నిలబడిందట. పోయేసరికి అతనికి తెలివి లేదు. నోట్లో పోసిన నీళ్లు పక్కకు కారిపోయాయి. అప్పటినుంచి ముందు తమ్ముడికి పోసి తర్వాత తను తాగేది.

పోసేటప్పుడు పెదవుల్లోనే ఒక మాట అనేది. "ముందుగాల నువ్వు తాగు." పక్కన నిలబడ్డవాళ్లకు కూడా వినిపించదు. చిన్నప్పుడు నేను కొంగు పట్టుకొని వెంట తిరిగేదాన్ని కాబట్టి పట్టేశాను. ఎవరికీ చెప్పొద్దంది. నీళ్లు పోయడం వదినకూ తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆ మాట మాత్రం నాకు తప్ప ఎవరికీ తెలియదు. వదినకు తెలియని అమ్మ నాకు అంతే మిగిలింది.

అమ్మ పోయిన రోజు వాకిట్లో స్నానం చేయించాక, పెద్దమ్మ దీపం మసి తెమ్మంది. పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. మా దిక్కు కొందరు ముసలివాళ్లకు ఈ నమ్మకం ఉంది. పోయినవాళ్ల ఒంటి మీద మసితో బొట్టు పెడితే, మళ్లీ ఆ ఇంట్లో పుట్టినప్పుడు అక్కడే మచ్చ ఉంటుందట, గుర్తుపట్టడానికి.

"చాకిరి జేసినామెనే పెట్టాలె. సరితా, నువ్వు పెట్టు బిడ్డా" అంది పెద్దమ్మ.

కన్నకూతుర్ని నేను చెంబు పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. వదిన ఏడుస్తూ ఉంగరం వేలితో మసి తీసి అమ్మ కుడి పాదం మీద పెట్టింది. "నా కడుపునే పుట్టు అత్తమ్మా" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు మాత్రం వస్తున్న ఏడుపు కూడా ఆగిపోయింది.

ఇంతలో, అమ్మకు తమ్ముడు లేడు కాబట్టి, పుట్టింటి చీర కప్పడానికి పెద్దమ్మ కొడుకు వచ్చాడని అందరూ అటు తిరిగారు. ప్రమిదకు అంటుకున్న మసి నేను వేలికి రాసుకున్నాను. అమ్మ తల సర్దుతున్నట్టు వంగి ఎడమ చెవి వెనుక అద్దాను. నమ్మి కాదు. వదిన గుర్తు ఒక్కటే ఒంటి మీద పెట్టుకొని అమ్మ పోవడం నాకు నచ్చలేదు. ఎవరూ చూడలేదు. తర్వాత మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఏడాది తిరిగాక వదినకూ నాకూ కాస్త అటూఇటుగా నెల తప్పింది. ముందు నాకు కాన్పయింది, ఆడపిల్ల. హాసిని. నర్సు చేతికివ్వగానే నేను మొదట చూసింది దాని మొఖం కాదు, చెవి వెనుక. ఏమీ లేదు. ఇంకో చెవి చూశాను. అక్కడా లేదు. కుడి పాదం కూడా చూశాను. వదిన పెట్టిన మచ్చ లేనందుకు కొంచెం సంతోషించాను, అంతే. మా ఆయన "ఏం వెతుకుతున్నవ్?" అంటే, వేళ్లు అన్నీ ఉన్నాయో లేదో చూస్తున్నానన్నాను.

తర్వాత వదినకు తల్లిగారింట్లో ఉండగా భూపాలపల్లిలో కాన్పయింది. ఆమెకూ ఆడపిల్లే. అక్షర అని పేరు పెట్టుకున్నారు. చూడటానికి పోయాను. వదిన మొఖం చిన్నబోయి ఉంది.

"పాదం మీద ఏం లేదు సునీతా. ఎంత వెతికినా లేదు. అత్తమ్మకు నా మీద ఏం కోపమో" అంది.

నాకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాను. టోపీ సర్దుతుంటే ఎడమ చెవి వెనుక నల్లటి మచ్చ కనిపించింది. వేలి కొనంత ఉంది, అంచులు కొంచెం చెదిరి, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. తడి గుడ్డతో తుడిచాను. పోలేదు.

అది పుట్టుమచ్చ. చాలామందికి ఉంటాయి, చెవి వెనుకా ఉంటాయి. నాకు తెలుసు, క్లాసులో పిల్లలకు చెప్పినదాన్నే. అయినా గుడ్డ మళ్లీ తడిపి ఇంకోసారి తుడిచాను. నేను పెట్టిన గుర్తు పెట్టుకొని, నన్ను కాదని, ఆమె కడుపున. నాకు వచ్చింది భయం కాదు, కడుపుమంట. టోపీని చెవుల మీదికి లాగి బిడ్డను ఇచ్చేశాను. వదినకు ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఊరికి ఎప్పుడు పోయినా నా చూపంతా అక్షర మీదే. గౌన్లు, బొమ్మలు కొనుక్కొని పోయేదాన్ని. అమ్మ వెండి కడియాలు ముందర పెట్టి చూశాను. అమ్మ కప్పుకున్న దుప్పటి పరిచి చూశాను. అది వాటి మీద నడుచుకుంటూ పోయింది. నేను ఎత్తుకుంటే ఏడ్చేది. వదిన కొంగులో దూరి నన్ను అక్కణ్నించి చూసేది. ఇప్పుడు కూడా ఆమేనా అమ్మా, అనుకునేదాన్ని.

ఇక నా బిడ్డ సంగతి. జనగామలో మేముండేది పై పోర్షన్. తలుపు తీస్తే మెట్లు. హాసినికి నడక గట్టిపడ్డప్పటినుంచి నీళ్లు ఒలకబోసే అలవాటు. గ్లాసు పట్టుకొని తలుపు దాకా పోతుంది, మెట్ల మీద కాసిని గుమ్మరిస్తుంది, తర్వాత తాగుతుంది. మెట్లు జారుతున్నాయని కింది ఇంటామె నాలుగైదుసార్లు చెప్పింది. నేను దాన్ని తిట్టాను. ఒకసారి వీపు మీద ఒకటిచ్చాను కూడా. ఏ పిల్లలు నీళ్లు ఒలకబోయరు అనుకున్నాను. నా కళ్లు నా బిడ్డ మీద ఉంటే కదా, కనిపించడానికి.

మొన్న ఎండాకాలం సెలవులకు ఊరికి పోయినప్పుడు అది బయటపడింది. వదిన అరుగు మీద బియ్యం చెరుగుతోంది. హాసిని లోపలినుంచి గ్లాసు పట్టుకొని వచ్చి, గడప దగ్గర నిలబడి, గుక్కెడు బయట పోసి, మిగతావి తాగి లోపలికి పోయింది. వదిన చేతిలో చేట ఒరిగిపోయింది. బియ్యం కిందపడ్డా చూసుకోలేదు.

"గిదేంది సునీతా. గిట్ల అత్తమ్మ కదా పోసేది. నువ్వు నేర్పినవా?"

నేను నేర్పలేదు. మా అమ్మ అలవాటు మా ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోలేదు. మా ఆయనకే తెలియదు. నేర్పలేదనే చెప్పాను. చెబుతున్నప్పుడే నాకు జనగామలో మెట్ల మీది నీళ్లు గుర్తొచ్చాయి.

వదిన కిందపడ్డ బియ్యం చేటలోకి ఎత్తుకుంది. తర్వాత కొంగుతో మొఖం తుడుచుకుంది. "నేను పాదం మీద మచ్చ కోసం చూసుకుంట కూసున్న. మంచిదే తియ్. కన్నబిడ్డవు నువ్వు, నీ దగ్గరికే వచ్చింది" అంది. మాట మంచిదే. మొఖం మాత్రం వేరేగా ఉంది. ఆ మొఖం నేను రోజూ అద్దంలో చూసుకునేదే.

అక్షర చెవి వెనుక మచ్చ సంగతి అప్పుడు చెప్పొచ్చు. చెబితే ఆమె ప్రాణం లేచొచ్చేది. నేను చెప్పలేదు. అమ్మ నా దగ్గరికే వచ్చిందన్న మాట మొదటిసారి ఒకరి నోటినుంచి విన్నాను, అదీ ఆమె నోటినుంచి. దాన్ని వెంటనే ఎట్లా వదులుకోను?

మేం బయలుదేరేముందు వదిన నా దగ్గరికి వచ్చి, "ఈ సెలవులు హాసినిని జర నా తాన ఉంచరాదు?" అని బతిమాలింది. ఇంకెప్పుడైనా ఒప్పుకునేదాన్ని కాదు. "సరే వదినా, మరి అక్షరను నేను తీస్కపోత" అన్నాను. ఆమె ఇంకో మాట లేకుండా ఒప్పుకుంది. ఆమెకు నీళ్లు పోసే పిల్ల దొరికింది, నాకు మచ్చ ఉన్న పిల్ల. ఎవరికి వాళ్లం అమ్మను తెచ్చేసుకున్నామనుకున్నాం. తొర్రూరులో బస్సు మారి జనగామ చేరేదాకా నేను అక్షర జుట్టు నిమురుతూనే ఉన్నాను.

మొదట్లో అది వాళ్ల అమ్మ కోసం ఏడ్చింది. తర్వాత అలవాటుపడింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఉక్కగా ఉంటే నేను ముందు గదిలో చాప మీద ఒరిగాను. అక్షర వంటింట్లోంచి గ్లాసు తెచ్చుకొని తలుపు తీసి, పై మెట్టు మీద గుక్కెడు పోసింది. హాసినిని చూసి నేర్చుకుని ఉంటుందిలే అనుకున్నాను. అంతలో దాని పెదవులు కదలడం కనిపించింది.

మళ్లీ ఎప్పుడు తాగుతుందా అని కాచుకొని కూర్చున్నాను. సాయంత్రం అది గ్లాసు పట్టుకొని పోతుంటే వెనకే పోయి పక్కన కూర్చున్నాను.

"ముందుగాల నువ్వు తాగు" అంది. చిన్నగా, పక్కనున్న మనిషికెవరికో చెప్పినట్టు. తర్వాత గటగటా తాగేసింది.

ఎవరు నేర్పారని అడిగాను. భుజాలెగరేసింది. హాసిని అంటుందా అని అడిగాను. "హాసిని ఏమనదు అత్తా. ఉత్తగనే పోస్తది" అని బొమ్మల దగ్గరికి పోయింది. నేను ఆ తడి మెట్టు మీదే కూర్చుండిపోయాను.

రెండు మూడు రోజులకు వదిన ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"సునీతా, హాసిని ఈడ ఒక్కనాడు గూడ పోస్తలేదు. నేనే చెంబిచ్చి గడప కాడ నిలబెట్టిన. అట్లనే తాగి ఉరికింది. నాతోని ఏమన్న తప్పయిందేమో అని పరేషాన్ అయితంది. ఆడ అక్షర ఏమన్న అట్ల చేస్తున్నదా?"

అప్పుడు అక్షర తలుపు దగ్గరే ఉంది. గ్లాసు వంచుతోంది. నీళ్లు మెట్టు మీద పడ్డ చప్పుడు ఫోన్లో వినిపిస్తుందేమోనని నేను వంటింట్లోకి నడిచాను.

"ఏం లేదు వదినా. ఇక్కడ అట్లాంటిదేం లేదు" అన్నాను.

బడులు తెరిచాక పిల్లలు ఎవరిళ్లకు వాళ్లు చేరారు. హాసిని వచ్చిన పూటే గ్లాసు పట్టుకొని మెట్ల దగ్గరికి పోయింది. అక్షర అక్కడ మామూలుగానే తాగుతోందట. పిల్లలు ఒకరిని చూసి ఒకరు చేస్తారు, అది నేను ఒప్పుకుంటాను. ఆ మాట ఎట్లా వచ్చింది? నేను పెట్టిన మచ్చ ఆ పిల్లకెందుకు ఉంది? నా దగ్గర ఏ పిల్ల ఉంటే ఆ పిల్లే ఎందుకు పోస్తోంది?  పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఒకదానికి జవాబు దొరికినా మిగతావాటికి దొరకదని తెలిసిపోతుంది.

వదిన ఇప్పటికీ ఫోన్ చేసి, హాసిని పోస్తున్నదా అని అడుగుతుంది. పోస్తున్నది వదినా అంటాను. ఒక్కసారి వచ్చి చూసిపోతా అంటుంది. ఇల్లు చిన్నది, ఎండలు తగ్గనీ, పరీక్షలు కానీ అని ఏదో ఒకటి చెబుతాను. ఆమె వచ్చిందంటే అమ్మ మళ్లీ ఆమె వైపే చూస్తుంది.