రంగూనులో బండ వేషం

మా వీధిలో బండి తోలే కుప్పయ్యంత మెత్తని మనిషి తిరుపతి మొత్తం వెతికినా దొరకడు. మొండికేసి పడుకున్న ఎద్దును కూడా "లెయ్ నాయనా, పొద్దుపోతాది" అని బతిమాలేవాడు. అలాంటివాడు ఏడాదికి ఒక్కరోజు మాత్రం నోటికొచ్చిన బూతులన్నీ తిట్టేవాడు. ఆ తిట్లు తిని మేమంతా ఆయనకు దండం పెట్టేవాళ్లం.

గంగమ్మ జాతరలో బండ వేషం రోజు అది. ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎదురైన ప్రతివాడినీ తిట్టాలి. తిట్లు తిన్నవాడికి మంచి జరుగుతుందని మా నమ్మకం. కుప్పయ్యకు ఐదేళ్లప్పుడు అమ్మవారు పోసింది. బిడ్డ బతికితే బతికినన్నాళ్లూ ఆ వేషం కట్టిస్తానని వాళ్లమ్మ అక్కమ్మ మొక్కుకుంది. ఒక్క ఏడు తప్పినా గంగమ్మ ఇచ్చిన ప్రాణం వెనక్కు తీసుకుంటుందని ఆవిడ భయం. పెద్దయ్యాక ఆ భయం కొడుక్కీ అంటుకుంది.

1940లో జాతర ముగిశాక కుప్పయ్య రంగూను వెళ్లి, బియ్యం మిల్లులో మూటలు మోసే పనికి కుదిరాడు. అక్కడి మేస్త్రీ ధనంజయ. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఎదురు మాట్లాడినవాడు సాయంత్రానికల్లా పనిలో ఉండడు. తోటి కూలీలంతా విశాఖ, గోదావరి వైపువాళ్లు. మా జాతర సంగతి చెబితే నవ్వారు.

మరుసటి ఏడు ఫలానా గురువారం బండ వేషమని అక్కమ్మ జాబు రాయించింది. ఆ రోజు మిల్లు కూత కూయకముందే కుప్పయ్య గోడౌను వెనక కుంకుమ పూసుకున్నాడు. ముందు ఒక దీపస్తంభాన్ని తిట్టాడు. తర్వాత అరటిపళ్లమ్మే బర్మా ఆవిడను తిట్టాడు. ఆవిడ నవ్వి ఒక పండు చేతిలో పెట్టింది. తిన్నాడు కూడా. కానీ తిట్టు అర్థం కాని మనిషిని తిడితే మొక్కు చెల్లుతుందా? పోనీ తోటి కూలీలను తిడదామంటే ఎముకలు విరగ్గొడతారు. ఏం చేయాలో తోచక మలుపు తిరిగేసరికి ఎదురుగా ధనంజయ నిలబడి ఉన్నాడు.

పని పోతే పోయింది, ప్రాణం మిగిలితే చాలనుకున్నాడు కుప్పయ్య. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. మేస్త్రీ మీసాలతో ఆరంభించి ఆయన తాతల దాకా వెళ్లాడు. ఆ మాటలు ఇక్కడ రాయను, నాకూ కాస్త పరువుంది. ఊపిరి చాలక ఆగి కళ్లు తెరిస్తే, ధనంజయ తలపాగా తీసి, చేతులు జోడించి, తల వంచుకుని ఉన్నాడు.

"ఏ వూరప్పా నీది?" అన్నాడు మెల్లగా.

"తిరపతి సామీ."

"నాది అవిలాల. ఈ తిట్లు తిని ఇరవై రెండేండ్లయినాది. ఇంకొక తూరి తిట్టప్పా."

అవిలాల మాకు కూతవేటు దూరం, గంగమ్మ పుట్టిల్లు. అలా ఏడుస్తూ అడిగే మనిషిని తిట్టడానికి కుప్పయ్యకు నోరు రాలేదు. సగం తిట్టుతో, సగం ఏడుపుతో ఎలాగో కానిచ్చాడు. వెళ్లబోతుంటే మేస్త్రీ ఒక్కటే కోరాడు: "వూరికి పోయినప్పుడు మా ఇంటి ముందర నిలబడి, నన్ను పేరు పెట్టి తిట్టు. యాడున్నా నాకు తగుల్తాది."

ఆ శీతాకాలమే రంగూను మీద బాంబులు పడ్డాయి. కుప్పయ్య అడవులు, కొండలు దాటి, కాళ్లు పుండ్లు పడి, ఎలాగో ఇల్లు చేరాడు. ధనంజయ సంగతి నేటికీ తెలియదు.

అప్పటినుంచి బండ వేషం రోజు కుప్పయ్య మొదట వెళ్లేది అవిలాలకే. ధనంజయ అక్క వసంతమ్మ తెల్లవారేసరికే వాకిలి చిమ్మి, ముగ్గేసి, చేతులు జోడించి నిలబడి ఉంటుంది. మెత్తని మనిషి కదా, ఆమెను చూడగానే కుప్పయ్య గొంతు తగ్గిపోతుంది. ఆమె ఊరుకోదు.

"గట్టిగా తిట్టప్పా," అంటుంది. "మావోడు శానా దూరంలో ఉండాడు."