నా మోకాళ్ళూ, జూన్ ఒకటో తేదీ

నన్నెవరైనా వయసు అడిగితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆడవాళ్ళని అడగకూడని ప్రశ్న అని కాదు నా బాధ. అడిగిన ప్రతిసారీ నాకు రెండు జవాబులు తోస్తాయి. అందులో ఒకటి మా నాన్న నా నోట్లో పెట్టిన అబద్ధం.

నేను పుట్టింది దీపావళి వెళ్ళిన నాలుగో రోజు. ఏటా ఆ రోజు అమ్మ తలంటిపోసి సేమ్యా పాయసం చేసేది. కాగితాల మీద మాత్రం ఏడాదిన్నర దాటాక వచ్చిన జూన్ ఒకటిన పుట్టాను. గుంటూరు జిల్లాలో మా ఊరి బళ్ళో చేర్పించేటప్పుడు హెడ్మాస్టరే సలహా ఇచ్చాడట, "కొంచెం తగ్గించి రాయిద్దామండీ, రేపు ఉద్యోగాల పరీక్షలకి కలిసొస్తది" అని. నాన్న సరేనన్నాడు. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో సగంమందిమి జూన్ ఒకటినే పుట్టాం. ఊళ్ళో తల్లులంతా కూడబలుక్కుని ఒకే రోజు కన్నారు కాబోలు! ఎవరికీ నవ్వు రాలేదు. ఎవరికీ తప్పనిపించలేదు.

నాన్న మిలిటరీలో హవల్దారు. తొంభైల మొదట్లో ఢిల్లీ కంటోన్మెంటుకి పోస్టింగ్ వచ్చి అమ్మనీ నన్నూ క్వార్టర్సుకి తీసుకొచ్చాడు. బడి కాగితంలో ఉన్న నా తేదీ ఆయన సర్వీసు రికార్డులోకీ ఎక్కింది. ఇక అప్పట్నుంచి ఇంట్లో నాకు రోజూ ఒక పాఠం. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా హఠాత్తుగా అడిగేవాడు, "నీ డేటాఫ్ బర్త్ ఎంత?" అని. తడుముకోకుండా జూన్ ఒకటి అంటే "శభాష్" అనేవాడు. పొరపాటున దీపావళి మాటెత్తితే ఆ పూట ఇంట్లో యుద్ధమే.

నా మోకాళ్ళు వంకరని పదో ఏట తెలిసింది. నిటారుగా నిలబడితే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనుకునేవి, పాదాల మధ్య మాత్రం బెత్తెడు పైనే ఎడం ఉండేది. పరిగెత్తితే మోకాళ్ళు కొట్టుకుని బోర్లా పడేదాన్ని. స్కూల్లో స్కర్టు యూనిఫారం, దాచుకుందామన్నా వీల్లేదు. పెరేడు అందం చెడుతుందని పీటీ టీచరు నన్ను ఆఖరి వరసలో, ఆఖరి మూలలో నిలబెట్టేది. క్వార్టర్సులో ఆంటీలు ఊరుకుంటారా? ఒకావిడ కాళ్ళ మధ్య తలగడ కట్టి పడుకోబెట్టమంది. ఇంకొకావిడ ఆవనూనె మర్దన అంది. అందరూ కలిసి ఆఖర్న అనే మాట ఒకటే: "అరే దీదీ, బచ్చీ హై, అప్నే ఆప్ ఠీక్ హో జాయేగీ." అప్నే ఆప్! దానంతటదే బాగవడానికి అదేమన్నా జలుబా? ఆ మాట నమ్మి అమ్మ రెండేళ్ళు నూనె రాసింది. ఆ రెండేళ్ళలో బాగుపడింది ఆవనూనె అమ్మే దుకాణమే.

చివరికి ఒక డిసెంబరులో నన్ను మిలిటరీ వాళ్ళ పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాకప్పుడు పన్నెండేళ్ళు నిండి నెల దాటింది. ఎముకల డాక్టరు నా కాళ్ళు చూసి, చీటీ వెనక పెన్నుతో ఎముక బొమ్మ గీసి హిందీలో వివరించాడు. మోకాలి పైన ఎముక చివర పెరిగే చోటు ఒకటి ఉంటుందట. లోపలివైపు దానికి అడ్డంగా, కాగితాలకి కొట్టే పిన్నుల్లాంటి ఇనుప పిన్నులు దిగ్గొడతారట. లోపలివైపు పెరుగుదల ఆగుతుంది, బయటివైపు పెరుగుతూ వచ్చి కాలు దానంతటదే సరవుతుంది, తర్వాత పిన్నులు తీసేస్తారు. చిన్న ఆపరేషనే. కానీ పెరిగే వయసు ఇంకా మిగిలి ఉండాలి. మరీ ముందు కొడితే కాలు అటువైపు వంకర తిరగొచ్చు, మరీ ఆలస్యమైతే పనే జరగదు. ఎప్పుడు కొట్టాలన్నదే అసలు లెక్క అన్నాడు. అని నా వైపు తిరిగాడు.

"బేటీ, ఉమర్ కిత్నీ హై?"

నాన్న వైపు చూశాను. ఆయన కనుబొమ్మలు ఎగరేశాడు, ఇంట్లో అడిగేటప్పటిలాగే.

"సాఢే దస్," అన్నాను. పదిన్నర. తడుముకోకుండా.

డాక్టరు నాన్న సర్వీసు రికార్డు కాగితంలో తేదీ చూశాడు, సరిపోయింది. "అచ్ఛా, అయితే బోలెడు టైముంది. ఏడాది పోయాక రండి," అన్నాడు. నా కాళ్ళు రెండు నిమిషాలు చూశాడు, కాగితం ఒక్క క్షణం చూశాడు, కాగితాన్నే నమ్మాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ గొణిగింది, "డాక్టరుకన్నా నిజం చెప్పాల్సిందయ్యా. పిల్ల కాళ్ళ సంగతి." నాన్న చుట్టూ చూసి గొంతు తగ్గించి, "నోరు మెదపబాకు. రికార్డులో ఒకటీ నోట్లో ఒకటీ ఉంటే నా ఉద్యోగం ఏమయిద్దో తెలుసా?" అన్నాడు. అమ్మ నోరు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. పన్నెండేళ్ళదాన్ని, నాకేం తెలుసు అనుకుని నన్ను నేను సమర్థించుకోవచ్చు. కానీ ఎముక లెక్క నాకు అర్థమైంది. అర్థమయ్యే నోరు మూసుకున్నాను, అందుకే ఇంత కోపం.

మరుసటి డిసెంబరులో మళ్ళీ వెళ్ళాం. ఆపరేషనుకి ముందు పెరుగుదల చూడాలని డాక్టరు ఈసారి ఎడమ చెయ్యికీ మోకాళ్ళకీ ఎక్స్‌రేలు తీయించాడు. దీపం పెట్టె మీద వాటిని పెట్టి, నన్ను చూసి, మళ్ళీ వాటిని చూసి, "ఇవి ఈ పిల్లవి కావు. ఇంకెవరివో మారిపోయాయి," అన్నాడు. పదకొండున్నరేళ్ళ పిల్లకి ఎముక చివరలు ఇలా మూసుకుపోవు అన్నాడు.

నాన్నకి ఊపిరొచ్చింది. ఎక్స్‌రే గదికి దూసుకెళ్ళి అక్కడి ముసలాయన మీద విరుచుకుపడ్డాడు. "పిల్లల జీవితాలతో ఆటలాడుకుంటారా?" అని హిందీలో ఒకటే కేకలు. వరండాలో జనం మూగారు. అబ్బబ్బ, ఆ మాట అనడానికి ఆ నోరెలా వచ్చిందో! ఆ ముసలాయన పాపం ఏమీ అనకుండా నన్ను మళ్ళీ కూర్చోబెట్టి, మళ్ళీ తీశాడు. తడి ఫిల్ములు తెచ్చి పాతవాటి పక్కన పెడితే అచ్చం అవే ఎముకలు.

"మిషన్‌లోనే గడ్‌బడ్ హోగా, సాబ్," అన్నాడు నాన్న.

అప్పుడు నాలో ఏదో తెగింది. "మిషన్ బాగానే ఉంది. మై తేరహ్ సాల్ కీ హూఁ," అని అరిచాను. పదమూడేళ్ళు. "పోయిన దీపావళికే నిండాయి. జూన్ అబద్ధం."

నాన్న చేతులు పక్కలకి ఆనించి పెరేడులో లాగా బిగుసుకుపోయాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి, "పోయినేడాది ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. నన్ను కాదు, నాన్నని. డాక్టరు నా ఫైలు తీసి, పదకొండున్నర అన్నచోట గీత కొట్టి, పైన ఎర్ర సిరాతో పదమూడు అని రాశాడు. పిన్నులతో ఇక పని జరగదు, ఎముక కోసి సరిచేయాల్సిందే అన్నాడు. రెండు కాళ్ళకీ.

కోశారు. ముందు కుడికాలు, ఆరు వారాలాగి ఎడమకాలు. తొడ మొదలు నుంచి చీలమండ దాకా సిమెంటు కట్టు. లోపల దురద పుడితే గోక్కోవడానికి కూడా దిక్కులేక ఏడ్చేదాన్ని. నాన్న చెడ్డవాడు కాదు. నన్ను ఎత్తుకుని బాత్రూముకి తీసుకెళ్ళింది ఆయనే, సెలవు పెట్టి మంచం పక్కన కూర్చుని కమలాపళ్ళు ఒలిచి పెట్టిందీ ఆయనే. అందుకే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఏడో తరగతి పరీక్షలు తప్పిపోయాయని నేను ఏడుస్తుంటే, కమలా తొన చేతిలో పెట్టి అన్నాడు కదా, "పోతే పోయిందిలేమ్మా ఒక ఏడాది. రికార్డులో నువ్వింకా చిన్నదానివేగా!" ఓదార్పనే అనుకున్నాడు. ఆ తొన గోడకేసి కొట్టాను.

ఎండలు ముదిరాక డిశ్చార్జి రోజు వచ్చింది. కట్లు తీశారు. లేచి నిలబడితే మోకాళ్ళు తగల్లేదు. కిందికి చూసుకుంటే మధ్యలోంచి నేల కనబడింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. ఆ సంతోషం అబద్ధమని చెప్పను.

కౌంటర్ దగ్గర గుమాస్తా చీటీ రాస్తూ నన్నడిగాడు, "బేటీ, జన్మ్ తారీఖ్?"

అలవాటుగా నాన్న వైపు చూశాను. ఆయన నా చేతికర్రలు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. "నిజమే చెప్పమ్మా," అన్నాడు.

చెప్పాను. తేదీ, నెల, సంవత్సరం, వెనక వరసలో వాళ్ళకి కూడా వినబడేట్టు. గుమాస్తా ఫైలు తిరగేశాడు. డాక్టరు ఎర్ర సిరా ఉన్న పేజీ దాటేసి, అడుగునున్న రికార్డు కాగితం తీసి, "యహాఁ తో ఏక్ జూన్ లిఖా హై," అన్నాడు. జూన్ ఒకటే రాశాడు. చీటీ నాన్న ముందుకి తోసి, సరిగ్గా ఉందో లేదో ఆయన్నే అడుగుతూ, "సహీ హై నా, సాబ్? సైన్ కీజియే," అన్నాడు.

నాన్న చీటీ అందుకుని తేదీ చదువుకున్నాడు. తర్వాత చేతికర్రలు నాకిచ్చి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.