కిలిమంజారో ఏ దేశంలో ఉంది?

మా బావ పోయారు. రెండు వారాల కిందట ఒక పొద్దున్న అక్క ఫోన్ చేసి, "మీ బావ లెగట్లేదు తమ్ముడూ" అంది. సబ్బవరంలో వాళ్లిల్లు మా వీధి చివరే. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. గేటు దగ్గరికి వెళ్లాక మాత్రం కాళ్లు ఆగిపోయాయి. ఏడు నెలలుగా నేను ఆ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. ఉక్కునగరం స్టీలు ప్లాంటు షిఫ్టు బస్సులో ఆయన అందర్నీ బావా అనేవారు, మేమూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్లం. ఆయన భార్య మాకందరికీ అక్క. బస్సెక్కగానే ఒక ప్రశ్న వేసేవారు. జవాబు షిఫ్టు అయ్యాకే. "ఒడ్డు లేని సముద్రం ఏటో సెప్పండ్రా" అని ఒకసారి అడిగితే, జాలరిపేట నుంచి వచ్చే ఫిట్టరుకి కోపం వచ్చింది. "ఒడ్డు నేకపోతే వల ఎక్కడ ఆరేత్తారు బావా?" అన్నాడు. ఎనిమిది గంటలు ఫర్నేసు దగ్గర ఆ సముద్రం గురించే కొట్టుకున్నాం. తిరుగు బస్సు దిగుతూ "సర్గాసో" అని ఒక్క ముక్క చెప్పి, నవ్వుకుంటూ పోయారు.

ఆయన చదివింది ఐటీఐ. మిగతాదంతా కంచరపాలెంలో పాత పుస్తకాలు కిలోల లెక్కన కొనుక్కొచ్చి చదివిందే. తడి గోడ మీద బొమ్మలు ఎలా వేస్తారో, ఒక్క రోజులో కార్లన్నీ రోడ్డుకి ఎడమ నుంచి కుడికి మారిపోయిన దేశం ఏదో, నూరేళ్ల యుద్ధం అసలు ఎన్నేళ్లు జరిగిందో నాకు తెలుసంటే అది ఆయన పుణ్యమే.

ఏటా ప్లాంటు కాలనీలో, మా సెక్టారు పిల్లలకి క్విజ్ పెట్టేవారు. మహా కచ్చితం మనిషి. ఓ ఏడాది మా అమ్మాయి సగం జవాబు చెప్పి ఏడుస్తుంటే, అర మార్కు వేయమని బతిమాలాను. "తప్పుకి మార్కేత్తే, పిల్ల జన్మంతా ఆ తప్పే మోత్తాది బావా" అన్నారు. ఒళ్లు మండి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రిటైరయ్యాక ఆయనకి మరుపు మొదలైంది. కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరికేది. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "భయమేత్తంది బావా" అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎన్నడూ వినలేదు. "రోజూ పొద్దున్నొచ్చి నన్ను పది ప్రశ్నలడుగు. తప్పయితే తప్పని సెప్పీ. తప్పులెక్కువైతే ఈ ఏడు క్విజ్ మైకు ముట్టుకోను. నీ మాటే నాకు లెక్క."

మొదట్లో తొమ్మిది వచ్చేవి. తర్వాత ఏడు. ఒకరోజు "కిలిమంజారో ఏ దేశంలో ఉంది బావా?" అని అడిగాను. "కెన్యా" అన్నారు తడుముకోకుండా. టాంజానియా అని నాకు నేర్పింది ఆయనే. ఏం చెబుతానా అని నా మొహంలోకే చూస్తున్నారు. "కరెక్టు బావా" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట! ఆయన మొహం విప్పారింది. ఆ మొహం చూడ్డం కోసం మర్నాడు మరో రెండు తప్పులు మింగేశాను. అప్పుడు దాన్ని జాలి అనుకున్నాను. పిరికితనం అది.

క్విజ్ రోజున, నా మార్కులు నమ్ముకుని ఆయన మైకు పట్టుకున్నారు. నాకు అడ్డుపడే ధైర్యం లేకపోయింది. అదే ప్రశ్న అడిగారు. రెండు జడల పిల్ల ఒకతి లేచి "టాంజానియా" అంది. "తప్పమ్మా, కెన్యా" అన్నారు. హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో ఫోన్‌లో జవాబు వెతికి పైకెత్తి చూపించారు. బెంచీల మీద పిల్లలు కిసుక్కుమన్నారు. బావ జనంలో నాకోసం వెతికారు. మూడో వరుసలో దొరికాను. ఆ చూపులో కోపం లేదు. ఓహో, ఇదా సంగతి అన్నట్టు చూశారు, అంతే. "నువ్వే రైటు తల్లీ, తప్పు నాది" అని మార్కు వేసి, మైకు మెల్లగా బల్ల మీద పెట్టేశారు.

ఆ తర్వాత ఆయన పిలవలేదు, నేను వెళ్లలేదు. బజారుకి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఇప్పటికీ గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆ చూపు కనిపిస్తుంది. రోడ్డు మీద ఎవరు ఎవరితో "కరెక్టు" అన్నా ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాను.

పదో రోజు కార్యం అయ్యాక అక్క ఒక నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు రాటం మానీసాక నానే అడిగీదాన్ని. అయిదో తరగతి సదువు కదా, క్విజ్ పుస్తకంలో ప్రశ్నలు కూడబలుక్కుని సదివీదాన్ని. మీ బావ సెప్పింది ఆ పుస్తకంలో నేకపోతే ఈ నోటుబుక్కులో ఇంటూ ఎట్టీమనీవోరు. సెయ్యాడక ఏడిసీదాన్ని. ఏడుత్తూనే ఎట్టు అనీవోరు."

"నన్ను పిలవాల్సింది కదక్కా."

"పిలుత్తానన్నాను తమ్ముడూ. 'వొద్దే, ఆడు మంచోడు, ఆడి వల్ల కాదు' అన్నారు."

పేజీలు తిప్పాను. చివరి పేజీలో పదికి పదీ ఇంటూలే. కన్నీళ్లు పడి సిరా అలుక్కుపోయిన చోటల్లా, అక్క మళ్లీ దిద్ది పెట్టింది.