సేటు టికెట్టు మీద రాజనర్సు

సూరత్ లింబాయత్‌లో మా గల్లీకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: ఇక్కడ రోజూ ఎవరు కొట్లాడుకుంటున్నారు? ఎవరూ కొట్లాడుకోరు. చారెడు ఉప్పు అడిగినా, పిల్లల్ని ముద్దు చేసినా మా గొంతులు అంతే. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు కండెలు చుట్టే మిషన్ల మీద బతికే గల్లీ మాది. సాంచా అంటే కరెంటు మగ్గం. ఒక్కటి ఆడితేనే తల దిమ్మెక్కుతుంది, ఖటోదరా షెడ్లలో వరసలకు వరసలే ఆడతాయి. షెడ్డు సేటు కూర్చునే గదికి మాత్రం చప్పుడు రాకుండా అద్దాల తలుపులుంటాయి. ఆ తలుపులు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

రాజనర్సు అలాంటి షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేస్తున్నాడు. సిరిసిల్ల పక్క పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ చేరినవాడు. షెడ్డులో మాటలుండవు, అన్నీ సైగలే. దారం తెగిందంటే వేళ్ళు మెలేస్తారు. చాయ్ అంటే బొటనవేలు నోటి దగ్గర పెడతారు. సేటు వస్తున్నాడంటే గాలిలో పెద్ద పొట్ట గీస్తారు. ఆ సైగలతోనే పక్క సాంచావాణ్ణి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించడంలో రాజనర్సును మించినవాడు లేడు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటడు. నిచ్చెన ఎక్కమంటే మాత్రం కాళ్ళు వణుకుతాయి.

గల్లీ మొదట్లో ఎస్టీడీ బూత్ నాది. అతనికి ఫోనొస్తే నేనే విని, మళ్ళీ అతనికి అరిచి చెప్పేవాణ్ణి. "లైను మంచిగ లేదన్నా" అనేవాడు. నేనూ లైనునే తిట్టుకునేవాణ్ణి.

అతనికి ఒక్కతే కూతురు, జమున. హైదరాబాదులో ఇచ్చారు. తొలికాన్పు పుట్టింట్లో చెయ్యాలి గానీ, డాక్టర్లు అంత దూరం ప్రయాణం వద్దన్నారు. అందుకని భార్య వజ్రమ్మే అక్కడికి వెళ్ళింది. తొంభై ఆరులో ఒక సాయంత్రం ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఆడపిల్ల పుట్టిందన్నా. జమునకు మాత్రం జరం దిగుతలేదు. ఒళ్ళంత ఇసం పాకిందంటున్నరు. నాయన నాయన అని ఒక్కటే కలవరిస్తుంది. ఆయన్ను తొందరగ తోలియ్యి."

చెప్పగానే రాజనర్సు బూత్ మెట్ల మీదే కూలబడ్డాడు. నేరుగా రైలు దొరికేసరికి, అది చేరేసరికి రెండు రోజులు పడుతుంది. అప్పుడే సంపత్ వచ్చాడు. బట్టల మార్కెట్లో జయంతీలాల్ సేటు దగ్గర గుమాస్తా అతను. సేటు మాటిమాటికీ విమానం ఎక్కుతాడని విమానం కంపెనీవాళ్ళు ఒక టికెట్టు ఊరికే ఇచ్చారట. సంపత్ వెళ్ళి సంగతి చెప్పగానే సేటు దాన్ని ఇచ్చేశాడు. మంచివాడే, ఎందుకు కాదనాలి. బొంబాయి దాకా రైలు, మర్నాడు సాయంత్రం విమానం, రాత్రి భోజనాల వేళకు బిడ్డ దగ్గర.

గల్లీ అంతా బూత్ ముందు చేరింది. కిటికీ తీస్తే మనిషి కొట్టుకుపోతాడట అంది పక్కింటి చిన్నవ్వ. వాంతి వస్తే ఎక్కడ చెయ్యాలని ఇంకొకరు. ఇక అందరికీ ఉన్న అసలు భయం పేరు. టికెట్టు సేటు పేరు మీద ఉంది. ఆ రోజుల్లో ఎక్కేది ఎవరని పెద్దగా చూసేవాళ్ళు కాదంటాడు సంపత్. అయినా పేరు పెట్టి పిలిస్తే పలకాలి కదా!

"కాకా, నీ పేరేంది?" అన్నాడు సంపత్.

"రాజనర్సు."

"అరె! జయంతీలాల్! ఆడ మైకుల పిలుస్తరు. జయంతీలాల్ అనంగనే లేశి ఉరుకాలె. సమజైందా?"

"సమజైంది. జయంతీలాల్."

తెల్లారి స్టేషన్ దాకా సంపత్ అడుగుతూనే ఉన్నాడు, ఇతను చెబుతూనే ఉన్నాడు. అంత దుఃఖంలోనూ మాకు నవ్వొచ్చింది. రైలు కదిలాక కూడా కిటికీలోంచి జయంతీలాల్ అని అరిచాడు.

బొంబాయి విమానాశ్రయంలో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో చూపించారు, సంచీ తడిమి లోపలికి పంపారు. చల్లని హాలు. మెత్తని కుర్చీలు. అన్నిటికంటే అతనికి నచ్చింది అక్కడి నిశ్శబ్దం. "అంతమంది ఉన్నరన్నా, ఇసుమంత సప్పుడు లేదు. ఉన్నోళ్ళ జాగలు గిట్లుంటయేమో అనుకున్న" అని తర్వాత నాతో అన్నాడు. టికెట్టు గుప్పిట్లో పట్టుకుని, ఎదురుగా ఉన్న తలుపు మీదే చూపు నిలిపి కూర్చున్నాడు. జనం లేస్తున్నారు, వరస కడుతున్నారు, పోతున్నారు. వాళ్ళది వేరే విమానం అనుకున్నాడు. తన పేరు పిలవాలి కదా.

హాలు సగం ఖాళీ అయ్యాక యూనిఫారం వేసుకున్న ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళి టికెట్టు చూపించాడు. ఆమె ఏదో అంది. పెదాలు కదిలాయి.

"జర జోర్‌సే బోలో బేటీ" అన్నాడు, కాస్త గట్టిగా చెప్పమని. అతని గొంతుకు చుట్టుపక్కల వాళ్ళంతా తిరిగి చూశారు.

ఆమె దగ్గరగా వచ్చి గట్టిగా చెప్పింది. విమానం వెళ్ళిపోయింది. జయంతీలాల్ అని ఎన్నోసార్లు పిలిచాం.

"కిసీనే నహీ బులాయా!" ఎవరూ పిలవలేదన్నాడు.

ఆ అమ్మాయి వేలు పైకెత్తి చూపింది. సరిగ్గా అతను కూర్చున్న కుర్చీ పైనే మైకు డబ్బా ఉంది. ఇప్పుడు కూడా మాట్లాడుతోందా అని అడిగాడు. ఆమె అవునన్నట్టు తలూపింది.

తనకు చెవుడని రాజనర్సుకు అక్కడ తెలిసింది. మాకెవరికీ తెలియదు. అందరం అరిచే గల్లీలో ఎవరికి ఎంత వినబడుతుందో ఎవరు చూశారు? షెడ్డు చప్పుడు మనిషి చెవుల్ని తినేసింది, మాకు మా గొంతు పెద్దదనే గొప్ప మిగిల్చింది.

ఊరికే వచ్చిన టికెట్టుకు రెండో విమానం ఉండదన్నారు. స్టేషన్‌కు పరిగెత్తి హైదరాబాదు రైలు జనరల్ బోగీలో నిలబడి వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆస్పత్రి చేరాడు.

ముందు రాత్రంతా జమున నోరారా మాట్లాడిందట. నాయన విమానంల వస్తున్నడని నర్సులందరికీ చెప్పిందట. తెల్లారేసరికి ఊపిరి అందక మూతికి ఆక్సిజన్ తొడుగు పెట్టారు. లోపల ఒక్కరినే ఉండనిస్తారు. వజ్రమ్మ బయటికి వచ్చి అతన్ని పంపింది.

తండ్రిని చూసి జమున కళ్ళు తెరిచింది. ఏదో చెప్పింది. తొడుగు కింద పెదాలు కదలడం తెలుస్తోంది, అంతే. వంగి చెవి ఆనించాడు. "జర గట్టిగ చెప్పు బిడ్డా" అన్నాడు. ఆమె ఉన్న బలమంతా తెచ్చుకుని మళ్ళీ చెప్పింది. రొప్పుతోంది. ఇంకోసారి అడగడానికి అతనికి నోరు రాలేదు.

"సరే బిడ్డా. అట్లనే చేస్త" అన్నాడు.

జమున అతని వేలు పట్టుకుని కళ్ళు మూసుకుంది. పొద్దు గూకకముందే పోయింది.

కర్మలు అయ్యాక పెద్దమనుషులు కూర్చున్నారు. పసిగుడ్డు మా దగ్గరే ఉండాలని అత్తవారు. సూరత్ తీసుకుపోయి పెంచుకుంటానని వజ్రమ్మ. ఎటూ తేలక, ఆఖరున బిడ్డ మాట్లాడింది నీతోనే కదా, పిల్ల గురించి ఏం చెప్పిందని రాజనర్సును అడిగారు. ఒక్క అబద్ధం ఆడితే పిల్ల మా గల్లీకి వచ్చేది. అతను ఆడలేదు. ఇనపడలేదన్నాడు. పక్కనే కూర్చుని ఇనపడకపోవడమేమిటని నలుగురూ ముఖాలు చూసుకున్నారు. పిల్ల అక్కడే ఉండిపోయింది.

వజ్రమ్మ ఇప్పటికీ నమ్మదు. ఏదో దాస్తున్నాడనే ఆమె అనుమానం. ఒకే ఇంట్లో ఉంటున్నారు గానీ వాళ్ళ మధ్య మాటల్లేవు. రాజనర్సు మళ్ళీ అదే షెడ్డుకు పోతున్నాడు, ఇంకెక్కడికి పోతాడు? సైగలతో నవ్వించడం మానేశాడు.

మొన్న బూత్ మూసేస్తుంటే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

"సరే అన్ననన్నా" అన్నాడు. "బిడ్డ నా మాట నమ్మి కండ్లు మూసుకున్నది. పిల్లను తెచ్చుకోమన్నదో, ఆడనే ఉంచుమన్నదో. ఏం మాట ఇచ్చిన్నో ఇప్పుడు ఎవల్నడగాలె?"