అమ్మ పలుపు

మా వైపు ఆవును అమ్మితే పలుపు ఇవ్వరు. మెడలోని తాడు పోతే దాంతోపాటు ఇంటి పాడి కూడా పోతుందని నమ్మకం. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. సత్యవేడు దగ్గరి పల్లెలో మా అమ్మ తన చివరి ఆవును అమ్మినప్పుడు కూడా పలుపు విప్పి, చుట్టచుట్టి, బట్టల సంచిలో అడుగున పెట్టుకుంది. తిరుపతిలో మూడో అంతస్తులో ఏ ఆవును కడతావమ్మా అని నేను నవ్వాను.

అప్పటికే ఆమెకు మతిమరుపు జబ్బు మొదలైంది. అందుకే నా దగ్గరికి తెచ్చుకున్నాను. పగలంతా బాగానే ఉండేది. సాయంత్రం నాలుగు దాటితే చాలు, కాలు నిలిచేది కాదు. "పాలు పిండే పొద్దయింది. దూడ అరస్తా ఉండాది, నేను పోవల్ల" అంటూ తలుపు గడియ లాగేది.

"ఆవు యాడుందిమా? అమ్మేసినాం గదా" అని గట్టిగా చెప్పేదాన్ని. నిజం చెబితే కుదురుకుంటుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమెకది రోజూ కొత్త కబురే. ఆవు ఆ పూటే పోయినట్టు కూర్చుని ఏడ్చేది. అలా ఎన్ని సాయంత్రాలు ఏడిపించానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాదించొద్దు, చేతికి అలవాటైన వస్తువేదైనా ఇచ్చి చూడండి అని డాక్టరమ్మ చెప్పింది. నేనేం చేశాను? ఫోన్లో వెతికి మెత్తటి కుక్కపిల్ల బొమ్మ తెప్పించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాపకియ్యి, ఆడుకుంటాది" అని నా చేతిలోనే పెట్టింది. మా ఇంట్లో పాప లేదు.

పలుపు సంగతి ఆమే కనుక్కుంది. ఒకరోజు సంచి మొత్తం కుమ్మరించి దాన్ని బయటికి తీసింది. మంచం కోడుకు కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. చివరికి ఒళ్లో వేసుకుని, ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ సాయంత్రం తలుపు జోలికి పోలేదు. మరునాడూ అంతే. ఇంతకంటే ఏం కావాలి నాకు? కానీ పేడ, పాలు, చెమట కలిసిన ఆ వాసన గదంతా పట్టేసింది. ఎవరైనా వస్తున్నారంటే దాన్ని దుప్పటి కింద దాచేదాన్ని. దాచేటప్పుడల్లా విసుక్కునేదాన్ని.

సెప్టెంబరు నడిమిలో, శనివారాలకు పెట్టింది పేరైన పెరటాసి నెల వచ్చింది. శనివారం స్వామికి తళిగ వేయాలి. అరిటాకులో అన్నం రాశిపోసి, నామం దిద్ది మొక్కుకునే రోజు అది. దానికి ముందు ఇల్లంతా కడిగి, పాతవన్నీ ఉతకాల్సిందే. శుక్రవారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఆమె వేళ్ల మధ్య నుంచి పలుపు మెల్లగా లాగేశాను. సబ్బునీళ్లలో నానేసి, బ్రష్షుతో రుద్ది, మూడుసార్లు జాడించాను. బకెట్లో నీళ్లు నల్లగా దిగితే ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా. మిద్దె మీద ఎండలో ఆరేశాను.

తడి పూర్తిగా ఆరాక, శనివారం సాయంత్రం చేతికిచ్చాను. అమ్మ వాసన చూసింది. కొస మార్చి మళ్లీ చూసింది. "ఇది మనది గాదు" అని పక్కన పెట్టి, లేచి గడియ దగ్గరికి పోయింది. దూడ అరుస్తోందని ఆ రోజు చీకటిపడేదాకా తలుపు కొడుతూనే ఉంది.

పాలు పోసే ఆయన షెడ్డుకు వెళ్లి, ఈ పలుపును కొన్నాళ్లు మీ ఆవు మెడకు కట్టండని బతిమాలుకున్నాను. "పలుపు ఎవురూ గడప దాటనియ్యరు. నువ్వేందిమా, ఎదురు తెచ్చిస్తా ఉండావు" అన్నాడాయన. అయినా కట్టాడు. పదిహేను రోజులకు తెచ్చుకున్నాను. నా ముక్కుకు అచ్చం అదే వాసన. ఇంక పర్వాలేదనుకుంటూ అమ్మ ఒళ్లో పెట్టాను.

ఆమె చాలాసేపు వాసన చూసింది. తర్వాత జాగ్రత్తగా చుట్టచుట్టి నాకిచ్చింది.

"ఎవురి పలుపో ఇది. పాపం, ఎతుక్కుంటా ఉంటారు. ఇచ్చేసి రాపో."

తీసుకుని బయటికి వెళ్లాను. ఎవరికివ్వను? మెట్ల మీద కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ముఖం తుడుచుకుని, చెప్పుల అలమరలో పలుపు దాచి లోపలికొచ్చాను.

"ఇచ్చేసినానుమా" అన్నాను.

"మంచి పని జేసినావు. మన పలుపు గూడా ఎవురికన్నా దొరికింటే ఇట్లే తెచ్చిస్తార్లే" అంది అమ్మ.

అప్పటి నుంచి సాయంత్రమైతే తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది.